సుక్రి తలకాయ

మొన్న మా మనవరాలు సెలవులకి వస్తూ వస్తూ ఒక పుర్రెను సంచిలో వేసుకుని పట్టుకొచ్చింది. ఎవరైనా ఊరినుంచి వస్తే పళ్లో స్వీట్లో తెస్తారు, ఇది తలకాయ తెచ్చింది. కాలేజీలో మనిషి పుట్టుక గురించి పాఠాలు చెప్పే మాస్టరమ్మ మరి. "భయపడకు అమ్మమ్మా, ఇది నిజంది కాదు, ప్లాస్టర్‌ది. ఎప్పుడో అంతరించిపోయిన పాతకాలపు మనిషి పుర్రెకి అచ్చు" అని చెప్పి, దాన్ని భోజనాల బల్ల మీద ఊరగాయ జాడీ పక్కన పెట్టి స్నానానికి పోయింది. నా చేతులకి ఊరికే ఉండే అలవాటు లేదు. దుమ్ము కొట్టుకుని ఉంది కదాని తడిగుడ్డ పెట్టి తుడవబోయాను. కళ్ల మీద ఎముక ఇంటిచూరులా ముందుకొచ్చి ఉంది. ముందుపళ్లు లేవు. ఆ పళ్లు లేని చోట పైరంగు పెచ్చు లేచిపోయి ఉంటే అక్కడ నా వేలు తగిలింది. వేలికి తెల్లగా పొడి అంటుకుంది, ముగ్గుపిండిలాగ. ఆ వేలు చూసుకుంటూ కుర్చీలో కూర్చున్నాను. ఆ తెలుపు నాకు తెలుసు. అరకులో, నేను పరికిణీలు కట్టుకునే రోజుల్లో, మా నాయనమ్మ వేళ్ల మీద చూశాను. ఇన్నాళ్లూ అది ఎముకల పొడి అనే అనుకున్నాను.

అప్పట్లో అరకుకి రైలు లేదు. శృంగవరపుకోట నుంచి ఘాట్ రోడ్డు మీద మూలుగుతూ ఎక్కే లారీలో రావడమే. మా నాన్న సంత ఊళ్లో కొట్టు పెట్టాడు. ఉప్పు, కిరసనాయిలు, బెల్లం, పూసలు అమ్మి, చింతపండు, నూనె తీసే వలిసెలు, పిప్పళ్లు, అడ్డాకులు కొనేవాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో చింతపండు గది. ఆ గది వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టేసి ఉండేది. చలికాలంలో మంచు గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చేసేది. నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని దాన్ని కూడా తిట్టేది, "ఏటే దీని జోరు, పిలవని పేరంటంలాగ" అని. మా నాయనమ్మకి తిట్టకపోతే పొద్దు గడిచేది కాదు. మడి అంటే మహా పట్టింపు. తడిచీరతో వంట చేసేది, మా నీడ పడితే మళ్లీ స్నానం చేసేది. ఆ ఆచారానికంతా ఒక్కటే చిల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెరట్లో పనసచెట్టు కింద చేరి, నిప్పు నోట్లోకి తిప్పుకుని చుట్ట అడ్డపొగ తాగేది. జతగా కొండ మీంచి దిగివచ్చే సామంతులనే కొండజాతి ముసలమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ పేరు సుక్రి.

సుక్రి మాకు అడ్డాకులు తెచ్చి అమ్మేది. వాళ్లిద్దరికీ స్నేహం ఎలా కుదిరిందో నాకు తెలీదు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, అయినా ఒక పూటంతా మాట్లాడుకునేవారు. సుక్రి పైపన్ను ఒకటి వాలుగా విరిగి ఉండేది. చిన్నప్పుడు రాతి మీద పడిందిట. అందుకని నవ్వు వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆవిడకి నవ్వు ఊరికే వచ్చేది, అందుకని ఆ చెయ్యి ఎప్పుడూ నోటి దగ్గరే ఉండేది. "ఆ చెయ్యి తియ్యవే, నీ పన్ను నేనెత్తుకుపోతానేటి" అనేది నాయనమ్మ. అప్పుడు సుక్రి ఇంకా గట్టిగా నవ్వి రెండో చెయ్యి కూడా పెట్టుకునేది. ఒక ఎండాకాలం కొండ మీద అమ్మవారు పోసింది. సుక్రి పోయింది. వాళ్లలో మామూలుగా పోయినవాళ్లని కాలుస్తారు, అమ్మవారితో పోయినవాళ్లని మాత్రం పాతిపెడతారు. గెడ్డ అవతల, ఆ కొండవాగు గట్టు మీద, పాతిపెట్టారని కబురు తెలిసిన రోజున నాయనమ్మ చుట్ట తాగలేదు. తిట్టనూ లేదు. ఇల్లంతా చెవులు పోయినట్టు ఉండింది.

సుక్రి కోడలు గుర్బారి. అత్త పోయాక ఆకులు తేవడం ఆవిడ వంతైంది, మా పెరడు ఊడ్చే పని కూడా చేసేది. మాట తక్కువ మనిషి. అప్పటికే పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోయారు. వాళ్ల నమ్మకం ఏమిటంటే, ఇంట్లో పుట్టే బిడ్డ కొత్తమనిషి కాదు, ఆ ఇంటి పెద్దల్లో ఎవరో ఒకరు తిరిగొస్తారు. బిడ్డ పుట్టాక ఆకుదొన్నెలో నీళ్లు పోసి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తూ బియ్యపుగింజలు వదులుతారు. ఎవరి పేరుకి గింజా గింజా అతుక్కుంటాయో, వచ్చింది వాళ్లే. గుర్బారి బిడ్డలకి ఏ పేరుకీ గింజలు అతకలేదు. ఎవరూ రాలేదు కాబట్టే నిలవలేదని ఊరివాళ్లు తీర్మానించారు. అయితే సుక్రి పోయేముందు కోడలి కడుపు మీద చెయ్యి వేసి, "ఈసారి నేనే వత్తాను" అని మాటిచ్చిందిట. ఆ తర్వాత గుర్బారికి మళ్లీ నెల తప్పింది. ఆ మాట మీదే బతుకుతున్నట్టుండేది ఆ మనిషి.

అలాంటి రోజుల్లో వచ్చాడు కొలతల బాబు. అసలు పేరు వేరే ఉంది, కొండవాళ్లు పెట్టిన పేరిది, మేమూ అదే అన్నాం. పట్నం నుంచి వచ్చిన పండితుడు. సన్నగా, మెత్తగా మాట్లాడేవాడు, రోజూ క్వినైన్ మాత్ర మింగేవాడు. మా వసారా గదిలో దిగాడు. పటకారులాంటి ఇనపచట్రం పెట్టి ఊరూరా మనుషుల తలలు కొలవడం ఆయన పని. నా తల కూడా కొలిచాడు. ఆ ఇనుము చల్లదనం ఇప్పటికీ కణతల మీద ఉంది. ఆయన దగ్గరో ప్లాస్టర్ పుర్రె ఉండేది, గోధుమరంగు వేసింది, ముందుపళ్లు లేనిది. సాయంత్రాలు దాన్ని అరుగు మీద పెట్టి మాకు కథ చెప్పేవాడు. "ఈ మనుషులు మంచుకాలంలో గుహల్లో ఉండేవారు. మన పూర్వీకులు వచ్చేసరికి వీళ్లు అంతరించిపోయారు. వీళ్లకీ మనకీ కలయిక లేదు. వీళ్ల రక్తం బొట్టు కూడా మనలో లేదు." వంటింటి గుమ్మంలోంచి వింటున్న నాయనమ్మ ఊరుకోలేదు. "ఆడా మగా ఒకే కొండ మీద ఉంటే కలయిక లేకపోడమేటి బాబూ, సోద్యం కాపోతేను!" ఆయన పకపకా నవ్వాడు. మంచివాడే. నాకు పెన్సిలు ఇచ్చాడు. ఆ మంచితనం గుర్తొస్తేనే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

ఒక పొద్దున్న గుర్బారి వచ్చి చీపురు పట్టుకోకుండా పెరట్లో నిలబడింది. పొట్ట ముందుకొచ్చి నిండుగా ఉంది. ఏటే అలా ఉన్నావని నాయనమ్మ అడిగితే, "అమ్మా, మా అత్త బుర్ర మీ ఇంట ఉంది" అంది. గెడ్డ అవతల గొయ్యి తవ్వేసి ఉందిట. ఒళ్లంతా ఉంది, తల లేదు. కొలతల బాబు పురమాయించిన మనుషులు పట్టుకెళ్లడం పశువుల కాపరులు చూశారుట. గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి మా అరుగు ఎక్కడం మేమూ చూశాం, రాళ్లో రప్పలో అనుకున్నాం. గుర్బారి ఏడవలేదు. వసారాలోకి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. "బాబూ, ఇచ్చియ్యి. నా బిడ్డ వచ్చే వేళయింది. బుర్ర లేని మనిషికి దారెలా కనపడతాది?"

ఆయన కోప్పడలేదు. అదే వచ్చిన చిక్కు. కోప్పడితే మా నాన్న కూడా ఒక మాట అనేవాడేమో. ఆయన ఎంతో ఓపిగ్గా చెప్పాడు. "చూడమ్మా, వానకి ఆ గట్టు కోసుకుపోతోంది. అక్కడుంటే ఆ ఎముక మట్టిలో కలిసిపోతుంది. మా దగ్గరైతే ఎన్నేళ్లయినా నిలిచి ఉంటుంది. మీవాళ్ల గురించి లోకమంతా తెలుసుకుంటుంది." గుర్బారి ఆయన మొహంలోకి చూసి, "అది నిలవడానికి కాదు బాబూ, రావడానికి" అంది. ఆయన ఇనపచట్రాన్ని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత "పనయ్యాక చూద్దాం" అన్నాడు. పని ఎప్పటికి అవుతుందో చెప్పలేదు. పట్నం వెళ్లే లారీ మర్నాడు పొద్దున్నే ఉందని మా అందరికీ తెలుసు. మా నాన్న చింతపండు గదిలోకి వెళ్లిపోయి అక్కర్లేని బస్తాలు సర్దుతూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన ఆఖరిసారి తలలు కొలవడానికి పక్క ఊరు వెళ్లాడు. ఆయన సామానంతా సర్దేసిన ట్రంకుపెట్టె తాడు కట్టి వసారా గదిలో సిద్ధంగా ఉంది. నాయనమ్మ భోజనం చెయ్యకుండా లేచింది. "ఏయ్ గుంటా, బేగి రా. ఈ ముడి నాకు రావట్లేదు" అంది. "నాయనమ్మా, మడి" అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేదు. "శవాన్ని ముట్టుకుంటే ఏటవుద్ది? స్నానం సెయ్యాల. స్నానంతో పోయేదానికి ఇంత ఆలోచనేటే? నా పెద్దపిల్లని మన్యం జొరం తినేస్తే ఆ గెడ్డ ఒడ్డునే పెట్టొచ్చాను. దాని బుర్ర ఎవడైనా పెట్టెలో ఎట్టుకుపోతే నానూరుకుంటానా?" మా నాన్నకి ఒక అక్క ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. ముడి ఇద్దరం కలిసి విప్పాం.

పెట్టెలో గడ్డి, గడ్డి మధ్యలో గుండ్రటి కట్టలు. అన్నీ గుడ్డలో చుట్టి పైన పాతకాగితాలు కట్టినవే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది సుక్రిది? నాయనమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. విప్పి మొహం చూసే ధైర్యం ఆవిడకి లేదు. నాకు చూడొద్దని ఆన. ఒక్కో కట్టకీ నోరు ఉండే వైపు కాగితం చింపి, గుడ్డ సందులోంచి లోపలికి వేలు పోనిచ్చి పళ్లు తడిమింది. ఒకదాన్ని తడిమి వదిలేసింది. ఇంకోదానికి వేలు ఆగింది. "ఇదే. ఇక్కడ పన్ను లేదు. ఇదేనే, నా తల్లి" అని దాన్ని గుండెలకి హత్తుకుంది. అన్నాళ్లూ ఎవరి నీడ పడినా ఒప్పుకోని మనిషి దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. పెట్టె కదిలితే ఖాళీ తెలుస్తుందని, ఆ చోట్లో పాదు నుంచి కోసిన ఆనపకాయ ఒకటి కాగితం చుట్టి పెట్టింది. ఆ తొందరలో కూడా ఆవిడ పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. బావి దగ్గర తలస్నానం చేస్తుంటే ఆవిడ వేళ్ల సందుల్లోంచి తెల్లటి నీళ్లు కారాయి, బియ్యం కడిగిన నీళ్లలాగ. నేను చూశాను. ఎముకల పొడే అనుకున్నాను.

ఆ కట్టని గుర్బారి విప్పలేదు. పోయినవాళ్ల మొహం రెండోసారి చూడకూడదని వాళ్లలో ఉందిట. పసుపుగుడ్డ పైనుంచి చుట్టి, గెడ్డ అవతల ఆ గోతిలోనే, మెడ దగ్గర పెట్టి పూడ్చారు. నాయనమ్మా నేనూ ఇవతల గట్టు మీద నిలబడ్డాం. వాళ్ల పూజారి కోడిని కోసి, జొన్నసారా పోసి, "సుక్రీ, దారి కనబడిందా? ఇంటికి రా" అని పిలిచాడు. అవతల కొండకి తగిలి ఆ పిలుపు తిరిగొచ్చింది. ఎవరో ఊఁ కొట్టినట్టు వినిపించి నేను నాయనమ్మ కొంగు పట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటున్నాను. ఆ గోతిలో ఉన్నది ఎవరు? ఏ మంచుకొండల్లోనో, ఏ గుహలోనో చచ్చిపోయిన ముసలాడి ప్లాస్టర్ అచ్చు, కొలతల బాబు అరుగు మీద పెట్టి చూపించినది. వాడి భాష ఎవరికీ తెలీదు, వాడికి పేరు లేదు. వాడిని మేమంతా కలిసి సుక్రీ, రా, రా అని పిలిచాం.

వచ్చింది కూడా. వలిసె పూలు కొండంతా పచ్చగా విరబూసిన రోజుల్లో గుర్బారికి ఆడపిల్ల పుట్టింది. సుక్రి పేరు పిలిచి వదిలిన గింజ నీళ్లలో తేలివచ్చి పక్కగింజకి అతుక్కుపోయిందిట. దొన్నె కదిపినా విడలేదుట. పిల్ల నిలిచింది. నిలవడమే కాదు, నవ్వడం వచ్చిన నాటినుంచీ ఆ పిల్ల నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పళ్లే రాని పిల్ల! నాయనమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని "చెయ్యి తియ్యవే, నీ పన్ను నేనెత్తుకుపోతానేటి" అనేది, అంటూ అంటూ కళ్లు తుడుచుకునేది. ఆ నమ్మకంతోనే పోయింది మా నాయనమ్మ. పోయేముందు కూడా "సుక్రి పనొక్కటి మాత్రం సరిగ్గా సేసాను" అంది. ఎంత నయం, ఈ ప్లాస్టర్ పొడి చూడకుండా పోయింది.

కొలతల బాబు పెట్టె విప్పి ఉంటాడు కదా. ఆనపకాయ కుళ్లి వాసన వేసి ఉంటుంది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఆయనకి అర్థం కాకుండా ఉండదు. పోయింది తన ప్లాస్టర్ బొమ్మేననీ, అసలు సుక్రి తన దగ్గరే ఉండిపోయిందనీ కూడా తెలిసి ఉంటుంది. మా ఇంటి దారి తెలుసు, మా నాన్న పేరు తెలుసు. ఒక్క ముక్క కబురు పెట్టలేదు. పుర్రె పోయిందని గొడవ చెయ్యకపోతే మేము ఆయన మంచితనమే అనుకున్నాం. గొడవ చేస్తే అసలుది తిరిగి ఇవ్వాల్సి వస్తుందని నాకిప్పుడు తడుతోంది. లేక సిగ్గుపడ్డాడేమో. పోయినవాడి మీద ఎంతని కోపం పెంచుకుంటాం, కానీ పెంచుకుంటూనే ఉన్నాను.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది తల తుడుచుకుంటూ నిలబడిపోయి విన్నది. అంతా అయ్యాక దాని కళ్లు మెరిశాయి. "అమ్మమ్మా, మీ నాయనమ్మ ఆ రోజున అన్న మాటే నిజం తెలుసా? వాళ్లు పూర్తిగా అంతరించిపోలేదు. మనవాళ్లతో కలిశారు, పిల్లల్ని కన్నారు. పాత ఎముకల్లోంచి డీఎన్ఏ తీసి చూసి తేల్చారు. నీలో, నాలో, ఆ సుక్రిలో కూడా వాళ్ల అంశ కొంచెం ఉంది. మీరు పాతిపెట్టినవాడు మరీ పరాయివాడేం కాదు." ఆ మాట నాకు ఎంత ఊరటనిచ్చిందో! పిలిచిన పిలుపు వృథా పోలేదనుకున్నాను. ఆ కాలంలో మాకు బియ్యపుగింజ చెప్పింది, ఈ కాలంలో వీళ్లకి యంత్రం చెబుతోంది. ఎవరి దొన్నె వాళ్లది. మరి అసలు సుక్రి తల ఏమై ఉంటుందే అని అడిగితే, "ఏదో సంస్థలో బీరువాలో ఉండి ఉంటుంది, నుదుటి మీద నంబరు రాసి. అలాంటివి బోలెడు" అంది తేలిగ్గా, దువ్వెన వెతుక్కుంటూ.

ఆ వారంలోనే సుక్రి వచ్చింది. గుర్బారి కూతురు సుక్రి, నాకన్నా చిన్నదే కానీ జుట్టు నాకన్నా తెల్లబడింది. ఏటా చలికాలంలో అరకు నుంచి రైలెక్కి, విశాఖపట్నంలో మా ఇంటికి వస్తుంది. పసుపు, రాజ్మా గింజలు, కొడుకు తోటలో పండిన కాఫీ తెస్తుంది. ఇప్పుడు అరకు అంతా రిసార్టులు, అద్దాల రైలు పెట్టెలు. వలిసె పూలలో నిలబడి ఫొటోలు దిగే జనం. ఆ గెడ్డ మీద వంతెన కట్టేశారు. వస్తూనే బల్ల మీదున్న పుర్రెను చూసి, "ఇదేటమ్మా, దెయ్యాన్ని ఎట్టుకున్నారు ఇంట్లో" అని నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకు ఉండబట్టలేదు. చెప్పకుండా పంపేస్తే ఆవిడ వెళ్లాక నాకు నిద్ర పట్టదు. మా నాయనమ్మ వేళ్ల మీది తెల్లటి పొడితో సహా అంతా చెప్పేశాను. మనవరాలు మధ్యమధ్యలో కల్పించుకుని, "మీలో కూడా వాళ్ల అంశ ఉంది మామ్మగారూ, అందరిలోనూ ఉంది" అని ఎంతో సంబరంగా వివరించింది.

సుక్రి అంతా విన్నది. పుర్రె దగ్గరికి వెళ్లి, పళ్లు లేని ఆ చోట వేలు పెట్టి, వేలిని చూసుకుంది. చీరకి తుడుచుకోలేదు. "పాపం, ఈడెవడో గానీ పిలిస్తే వచ్చాడు, మంచోడే" అంది. తర్వాత మా మనవరాలి వైపు తిరిగింది.

"మరి మా ముసిల్దాన్ని ఇన్నాళ్లూ ఎవులూ పిలవనేదు కదమ్మా. అదేదీ? ఏ బీరువాలో ఉంది?"

సుక్రి జవాబు కోసం అలాగే నిలబడి ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది, కానీ నవ్వడం లేదు.